వంతెన మీద డబల్ బెల్లు

"డబల్ బెల్లు కొడితే బండి కదలాలి, సింగిల్ కొడితే ఆగాలి. అంతే నాయనా, ఇందులో పెద్ద మర్మమేమీ లేదు. జనం మాత్రం బండి నడిపేది డ్రైవరే అనుకుంటారు. తాడు నా చేతిలో ఉంటే ఆయనెక్కడికి నడుపుతాడు?"

"మొదలెట్టింది!" అన్నాడు తమ్ముడు ముందు గదిలోంచి. "ఇక బస్సు వంతెన దాటేదాకా ఆపదు."

"నువ్వు నీ ఫ్యాను సంగతి చూసుకోరా. మధ్యలో దూరావంటే టీ కూడా ఉండదు."

 ముందు గదిలో ఫ్యాను మోటారుకి రాగి తీగ చుట్టే చప్పుడు సాగుతూనే ఉంది.

ఆవిడను ఊళ్ళో బెల్లక్క అంటారు. అసలు పేరు అప్పట్లో జీతం ఇచ్చిన గుమస్తాకి తప్ప ఎవరికీ గుర్తులేదు. బస్సు కండక్టరు ఉద్యోగం మానేసి చాలా కాలమైనా మనిషి ఇంకా బస్సులోనే ఉన్నట్టు కనిపిస్తుంది. వంటింట్లో నిలబడ్డా కాళ్ళు ఎడంగా పెట్టి, నేల ఎప్పుడు కుదుపుతుందో అన్నట్టు నిలబడుతుంది. ఏళ్ళ తరబడి తాడు లాగి లాగి కుడి భుజం కాస్త పైకి లేచి ఉంటుంది. ఎవరైనా గుమ్మంలో ఆగిపోతే "లోపలికి జరగండి, జరగండి" అనేస్తుంది, తర్వాత తనే సిగ్గుపడుతుంది. ఆ రోజు, ఆవిడ కథ రాసుకుందామని వెళ్ళిన నాకు, ఒళ్ళో పళ్ళెం పెట్టుకుని బఠాణీలు ఒలుస్తూ చెప్పింది. చేతులకి పని లేకపోతే నోట మాట రాదట.

పెళ్ళి సంగతి రెండు ముక్కల్లో తేల్చేసింది. "చేశారు. నిలవలేదు. ఆయన కూర్చుని ప్రయాణం చేసే రకం, నేను నిలబడే రకం." తల్లి పోయేనాటికి తమ్ముడు ఇంకా నిక్కర్ల మీద ఉన్నాడు. వాణ్ణి సాకింది ఆవిడే. టికెట్ల సంచీ పక్కన పెట్టుకుని వాడికి అన్నం కలిపి పెట్టేది. బళ్ళో వాడికి చదువు చెప్పింది మాస్టారు. ఈ కథలో మాస్టారి పేరు మళ్ళీ మళ్ళీ వస్తుంది. అప్పట్లో ఆయన ఉత్త లెక్కల మాస్టారే. తర్వాత శాంతి సంఘానికి పెద్దయ్యాడు.

బెల్లక్క సర్వీసు ఊరికి ఈ కొసన ఉన్న మిల్లు గేటు దగ్గర బయల్దేరి, నది మీద వంతెన దాటి, అవతలి ఒడ్డున ఆసుపత్రి దాకా వెళ్ళేది. ఆవిడది ఇవతలి ఒడ్డు, డ్రైవరుది అవతలి ఒడ్డు. ఆయన చెల్లెమ్మా అనేవాడు, ఈవిడ అన్నయ్యా అనేది. పొద్దున్న తిట్టుకుని మధ్యాహ్నానికి ఒకే డబ్బాలోంచి తినేవాళ్ళు. ఒడ్డులు రెండనీ, ఒడ్డుకో జెండా ఉండాలనీ వాళ్ళకి ఎవరూ చెప్పలేదు. తీరా చెప్పినరోజు వంతెనకి అటూ ఇటూ ఇసుక బస్తాలు లేచాయి. అన్నయ్య అవతల ఉండిపోయాడు. బస్సు డిపోలో తుప్పు పట్టింది.

"యుద్ధం గురించి ఏం చెప్పను? అందరూ చెప్పిందే. మా వీధిలో కిటికీకి అద్దమున్న ఇల్లు లేదు. ఆ చివరి చలికాలంలో వీణ్ణి పట్టుకుపోయారు."

"పట్టుకుపోయినప్పుడు నా చేతిలో పానా ఉంది," అన్నాడు ముందు గదిలోంచి తమ్ముడు. "తెగిన కరెంటు తీగ అతికించడానికి పోయాను. అది కూడా చెప్పు."

"పానా ఉందిలే. పానా పట్టుకున్నాడని వదిలేశారా మరి?"

తమ్ముడు అవతలి ఒడ్డు జైల్లో పడ్డాడు. ఉన్నాడో లేడో చాలాకాలం కబురే లేదు. ఆ తర్వాత, రెండు వైపులా చంపే మనుషులూ చచ్చే మనుషులూ అలిసిపోయి ఒప్పందం చేసుకున్నారు. మాస్టారు ఆ ఒప్పందం కోసం కాళ్ళరిగేలా తిరిగిన మనిషి. నాయకుల గుమ్మాల్లో గంటల కొద్దీ నిలబడ్డాడు, తిట్లు తిన్నాడు, రెండు ఒడ్డుల వాళ్ళ చేతా అమ్ముడుపోయినవాడు అనిపించుకున్నాడు. పట్టుబట్టి ఒక్క షరతు రాయించాడు. పాత బస్సు మళ్ళీ నడవాలి. అవతలి డ్రైవరు, ఇవతలి కండక్టరు. వంతెన మీద ఆగకూడదు, ఎవరినీ దించకూడదు.

మొదటి బస్సుకి ఇంకో సంగతి ముడిపెట్టారు. అది మధ్యాహ్నంలోగా ఏ గొడవా లేకుండా ఆసుపత్రి చేరితే, మర్నాడు రెండు వైపులా ఖైదీలను వదులుతారు. చేరకపోతే అంతా మొదటికొస్తుంది. బెల్లక్కకి అర్థమైంది ఇంతే: బస్సు చేరితే తమ్ముడు ఇంటికొస్తాడు, చేరకపోతే రాడు.

ముందురోజు మాస్టారు డిపోకి వచ్చి, బానెట్ మీద చెయ్యి వేసి, పెళ్ళికొడుకుని చూసుకున్నట్టు ఆ తుప్పు బస్సుని చూసుకున్నాడు. ఒప్పందం ప్రకారం ఇవతలికి వచ్చిన డ్రైవరు ఇంజను కింద పడుకుని ఉన్నాడు.

"రేపు వంతెన మీద బ్రేకు మీద కాలు పెట్టకు నాయనా. ఆగదని రాయించాను."

డ్రైవరు మొహం బయటికి పెట్టాడు. ముక్కు మీద గ్రీజు. "మీరు రాయించారు మాస్టారూ, సంతోషం. తుపాకీ పట్టుకున్నోడు చదివాడా?"

"చదివి సంతకం పెట్టినవాడి కింద పనిచేసేవాడే కదా."

"సంతకం పెట్టినోడు ఎండలో నిలబడడు మాస్టారూ. నిలబడేది వేరేవాడు."

మాస్టారు నవ్వాడు గాని, ఆ నవ్వు కళ్ళదాకా పోలేదని బెల్లక్క కనిపెట్టింది.

మర్నాడు బస్సు నిండింది. ఎక్కినవాళ్ళలో సగానికి పైగా ఖైదీల తాలూకు మనుషులే. బస్సు చేరడం కళ్ళారా చూడాలని వచ్చారు. చివరగా టైలరమ్మ ఎక్కింది. బెల్లక్క ఖాకీ కోట్లన్నీ కుట్టింది ఆవిడే. చిల్లరకో జేబు, నోట్లకో జేబు, ఎవరి కంటా పడని లోపలి జేబు ఒకటి. ఇద్దరూ వదినా అంటే వదినా అనుకునేవాళ్ళు. వంతెన మూసేసిన రోజు టైలరమ్మ భర్త అవతల కూలి పనికి పోయి అక్కడే చిక్కుకున్నాడు. యుద్ధం నడిచినన్నాళ్ళూ ఆవిడ ఆయనకి చొక్కాలు కుడుతూనే ఉంది.

"మూటలో ఏంటి వదినా అంత బరువు?" అంది బెల్లక్క టికెట్టు చింపుతూ.

"చొక్కాలు. చిక్కాడో, లావెక్కాడో తెలీదుగా. అందుకే లోపల గుడ్డ మడత వదిలి కుట్టాను. ఎటైనా సర్దొచ్చు."

"లావెక్కితే?"

"లావెక్కితే తిండి పెట్టిందెవరో ముందు తేలుస్తా. తర్వాత కుట్టు విప్పుతా."

బస్సంతా నవ్వింది. బస్సులో జనం అలా నవ్వడం విని ఎన్నాళ్ళయిందో అనుకుంది బెల్లక్క. డబల్ బెల్లు కొట్టింది. బస్సు కదిలింది.

వంతెన మధ్యలో దారికి అడ్డంగా ఇనప గొట్టం వేసి ఉంది. ఒప్పందం రాతలో లేని గొట్టం. దాని పక్కన ఇద్దరు ఆఫీసర్లు, ఇవతలి ఒడ్డు ఆయన ఒకడు, అవతలి ఒడ్డు ఆయన ఒకడు. వెనక బారులు తీరిన సిపాయిలు. డ్రైవరు బ్రేకు వేశాడు. వేయకపోతే గొట్టం అద్దంలోంచి లోపలికొచ్చేది.

ఆఫీసర్లిద్దరూ కలిసి బస్సెక్కారు. ఒక్కొక్కరి మొహం చూసుకుంటూ వచ్చి టైలరమ్మ దగ్గర ఆగారు.

"నువ్వు దిగు."

"నా దగ్గర టికెట్టుంది."

"మీ మరిది అడవిలో, ఒప్పందం ఒప్పుకోని ముఠాలో ఉన్నాడు. నువ్వు దాటడానికి లేదు. దిగు."

ఇన్నేళ్ళ యుద్ధంలో ఒక్క మాట మీద ఒప్పుకోని ఆ ఇద్దరూ ఆవిడ దగ్గర మాత్రం కలిసి తలాడించారు. సిపాయి ఒకడు మూట అందుకుని బయట పెట్టాడు. మూట వెంట ఆవిడ దిగాల్సొచ్చింది. దిగి, ఫుట్‌బోర్డు కమ్మీ మాత్రం వదల్లేదు.

మాస్టారు ముందు సీట్లోంచి లేచాడు. గొంతు పెంచలేదు. "ఈ బస్సులో ఎవరినీ దించకూడదని మీ పెద్దలు సంతకాలు పెట్టారు. ఆవిడ ఎక్కుతుంది. ఎక్కకపోతే బస్సు కదలదు."

"మాస్టారూ, మీకు తెలియందేముంది?" అన్నాడు ఇవతలి ఆఫీసరు, బతిమాలుతున్నట్టే. "ఒక్క మనిషి. ఆ ఒక్కరి కోసం మొత్తం చెడగొడతారా?"

"ఇవాళ ఒక్కరిని దించనిస్తే రేపటి నుంచి దించడమే పద్ధతవుతుంది. ఎల్లుండి ఇద్దరిని దించుతారు. అప్పుడు ఈ వంతెన మీద నడిచేది బస్సు కాదు, మీ దయ."

అవతలి ఆఫీసరు చేతి గడియారం చూసుకున్నాడు. "మధ్యాహ్నం లోపు చేరకపోతే చేరలేదని కబురు పంపుతాను. తర్వాత మీ ఇష్టం."

ఆ మాటతో బస్సు భగ్గుమంది. వెనక సీటు ముసలాయన వణుకుతూ లేచాడు. "మాస్టారూ, మీకు దండం పెడతాను! మా వాడు రేపు రావాలి!" పక్కావిడ ఆయన మీద విరుచుకుపడింది. "సిగ్గులేదా? రేపు నీ కోడల్ని దించితే ఇలాగే అంటావా?" "నా కోడలి మరిది అడవిలో లేడు!" "నీ కొడుకు జైల్లో ఉన్నాడుగా!" ఒకరి మాట ఒకరికి వినపడలేదు. పసిపిల్ల ఒకతి ఏడుపు లంకించుకుంది.

ఆఫీసర్లిద్దరూ దిగారు. అవతలి ఆఫీసరు విసిగిపోయి కిటికీలోంచి డ్రైవరు మీద పడ్డాడు. "గొట్టం ఎత్తించాను. పోనీయ్!"

డ్రైవరు స్టీరింగు మీద చేతులు పెట్టుకుని ముందుకే చూస్తున్నాడు. "బెల్లు పడలేదండి."

"నేను చెబుతున్నానుగా!"

"మీరు చెబితే ఎలాగండి. దిగేవాళ్ళున్నారో ఎక్కేవాళ్ళున్నారో వెనకాల నాకేం కనపడుతుంది? నా కాలికి ఆవిడ బెల్లు తప్ప ఇంకో మాట తెలీదు."

"కాల్చిపారేస్తాను!"

"కాల్చండి. అప్పుడు అసలే కదలదు."

ఎవరో కిసుక్కున నవ్వి, నోరు మూసుకున్నారు. అప్పుడు తలలన్నీ వెనక్కి తిరిగాయి. ఆఫీసర్లు తిరిగారు, మాస్టారు తిరిగాడు. బెల్లక్క వెనక తలుపు దగ్గర, చెయ్యి పైకెత్తి తాడు పట్టుకుని నిలబడి ఉంది. ఎప్పుడు పట్టుకుందో ఆవిడకే తెలియదు, అలవాటు.

"కొట్టొద్దమ్మా," అన్నాడు మాస్టారు. "నీ బాధ నాకు తెలియంది కాదు. వాడు నా శిష్యుడు. వాడే ఇక్కడుంటే కొట్టొద్దనే అంటాడు."

అది నిజమని ఆవిడకి తెలుసు. తెలిసినా తాడు వదల్లేదు. ఫుట్‌బోర్డు కిందినుంచి టైలరమ్మ మొహం పైకెత్తి చూస్తోంది. అరవలేదు. వదినగార్లు పెరటి గోడ దగ్గర మాట్లాడుకున్నట్టు చిన్నగా అంది.

"వదినా, కొట్టకు. ఇవాళ బస్సు నన్నొదిలి పోతే నన్ను మళ్ళీ ఎక్కనివ్వరు."

బెల్లక్క ఆవిడ కళ్ళలోకి చూసింది. కమ్మీ మీద ఉన్న ఆవిడ వేళ్ళు చూసింది, సూది పోట్లతో గరుకెక్కిన వేళ్ళు. "చెయ్యి తీయి వదినా, పడిపోతావు," అంది.

టైలరమ్మ చెయ్యి తీసింది.

బెల్లక్క డబల్ బెల్లు కొట్టింది.

ఇంజను గొంతు మారింది. బస్సు కదలబోతుండగా మాస్టారు ఎవరినీ తోసుకోకుండా, చొక్కా సర్దుకుని, ముందు తలుపులోంచి దిగిపోయాడు. వెళ్ళి టైలరమ్మ పక్కన నిలబడ్డాడు. ఇంకెవరూ దిగలేదు. ముసలాయనతో పోట్లాడినావిడ కూడా దిగలేదు.

  వంతెన దాటేదాకా బెల్లక్క ఊరికే నిలబడలేక, అందరికీ ఇచ్చేసిన టికెట్లే మళ్ళీ అడిగి చూసింది. అందరూ బుద్ధిగా చూపించారు. ఆసుపత్రి దగ్గర బ్యాండు మేళం, కెమెరాలు, రెండు ఒడ్డుల నాయకుల కావలింతలు. ఎవరో ఆవిడ మెడలో దండ వేయబోతే తలొంచకుండా పక్కకి తప్పుకుంది. డ్రైవరు చక్రాల దగ్గర కూర్చుని ఉన్నాడు. తలెత్తకుండానే అన్నాడు.

"నువ్వు కొట్టావు, నేను తీశాను చెల్లెమ్మా. ఎవరన్నా అడిగితే ఇద్దరి పేర్లూ చెప్పు."

మర్నాడు తమ్ముడొచ్చాడు. వంతెన మీద నడుచుకుంటూ, ఎముకలకి చొక్కా తగిలించినట్టు. ఆవిడ వాణ్ణి పట్టుకుని ఏడ్చింది. వాడూ ఏడ్చాడు. తర్వాత మాస్టారేరని అడిగాడు.

ఇక్కడ బఠాణీలు ఒలవడం ఆగిపోయింది. ముందు గదిలో చప్పుడూ ఆగింది. తమ్ముడు గుమ్మంలోకొచ్చి, రాగి తీగ వేలికి చుట్టుకుంటూ నిలబడ్డాడు. జుట్టు ఇప్పుడు సగం నెరిసింది.

"నన్నడిగుంటే కొట్టొద్దనేవాణ్ణి," అన్నాడు. "ఎన్నిసార్లు చెప్పినా ఇదే చెబుతాను. జైల్లో ఇంకో ఏడాది ఉండేవాణ్ణి. ఏమయ్యేది?"

"ఏమయ్యేదో నీ పక్కన పడుకున్నవాడికి తెలుసు."

 జైల్లో తమ్ముడి పక్క చాప మీద పడుకున్న కుర్రాడు జ్వరంతో పోయాడు, విడుదలకి కాస్త ముందు. ఆ కుర్రాడి తల్లి కూడా ఆ రోజు బస్సులోనే ఉంది. కబురు ఆవిడకి ఆసుపత్రి దగ్గర తెలిసింది.

"అలా అడ్డం కొడుతుంది," అన్నాడు తమ్ముడు చివరికి, ఎవరితోనో అన్నట్టు. "ఆ మాటకి నా దగ్గర జవాబు లేదని తనకి తెలుసు."

"జవాబు నా దగ్గర మాత్రం ఉందా? కూర్చో, టీ పెడతాను."

"నాకొద్దు." కాని కూర్చున్నాడు.

తమ్ముడు ఇంటికొచ్చాక చాలా రోజులు అక్క చేతి అన్నం తిన్నాడు, అక్క బస్సు మాత్రం ఎక్కలేదు. వారం వారం వంతెన దాకా నడిచి వెళ్ళి, గొట్టం దగ్గర నిరసనగా నిలబడే మాస్టారి పక్కనా, టైలరమ్మ పక్కనా తనూ నిలబడేవాడు. బెల్లక్క బస్సు అక్కడ ఆగేది. అవును, మాస్టారు అన్నట్టే జరిగింది. గొట్టం అక్కడే ఉండిపోయింది. రోజూ ఆగాలి, రోజూ మొహాలు చూస్తారు. ఒక్కోరోజు ఒకరిని, ఒక్కోరోజు ఇద్దరిని దించుతారు. దించినప్పుడల్లా ఆవిడ డబల్ బెల్లు కొట్టాలి. కిటికీలోంచి ముగ్గురూ కనిపించేవాళ్ళు. తమ్ముడు తల తిప్పుకునేవాడు, మాస్టారు నమస్కారం పెట్టేవాడు. టైలరమ్మ తిన్నగా చూసేది.

"ఆ నమస్కారం చూడు నాయనా, దానికంటే చెంప మీద కొట్టినా బాగుండేది."

తర్వాతి చలికాలం గడిచాక టైలరమ్మను దాటనిచ్చారు. ఎలా దాటనిచ్చారో బెల్లక్కకి డ్రైవరు చెప్పాడు, ఆయనకి ఆఫీసరు దగ్గర పనిచేసేవాడు చెప్పాడు. రెండు ప్రభుత్వాలకీ ఆ గొట్టం ఎప్పటికీ అక్కడే ఉండాలి. కాని ఒప్పందంలో లేనిదాన్ని ఉంచారన్న మాట రాకూడదు. షరతు రాయించింది మాస్టారు గనక, తీసేయడానికీ ఆయన సంతకమే కావాలి. చాలాకాలం కాదన్నాడు. చివరికి పెట్టాడు. బదులుగా ఒక్క మనిషిని దాటించమన్నాడు.

"ఏ మాట మీద బస్సు దిగాడో, ఆ మాటే వదులుకుని ఆవిణ్ణి దాటించాడు," అంది బెల్లక్క. "ఆ తర్వాత సంఘం వదిలేశాడు. పిల్లలకి మళ్ళీ లెక్కలు చెప్పుకున్నాడు. పోయేదాకా ఒక్కసారి కూడా ఆ సంగతి ఎత్తలేదు."

"అది అమ్ముకోవడం కాదు," అన్నాడు తమ్ముడు వెంటనే.

"నేనన్నానా?"

"నీ గొంతులో ఉంది."

"నా గొంతులో ఉన్నది వేరు. ఆయన ఒక మనిషి కోసం చేస్తే జాలి, నేను చేస్తే పాపమా అని. అడుగుదామనుకున్నాను ఆయన్ని. నోరు రాలేదు."

తమ్ముడు తలొంచుకుని తీగ చుట్ట విప్పడం మొదలెట్టాడు.

టైలరమ్మ దాటింది బెల్లక్క బస్సులోనే. ఆ వేళకి అటు పోయే సర్వీసు అదొక్కటే. మూట ఒళ్ళో పెట్టుకుని కిటికీ పక్కన కూర్చుంది. బెల్లక్క టికెట్టు చింపిచ్చింది, ఆవిడ చిల్లర లెక్కపెట్టి ఇచ్చింది. వదినా అని ఇటునుంచీ రాలేదు, అటునుంచీ రాలేదు. వంతెన మీద ఆఫీసరు ఎక్కాడు, ఆవిణ్ణి చూశాడు, దిగాడు. బెల్లు కొట్టాలి. చెయ్యి తాడు మీదే ఉంది, లాగడం రావడం లేదు. డ్రైవరు అద్దంలోంచి చూస్తున్నాడు. వెనకాల లారీల వాళ్ళు హారన్లు మోగిస్తున్నారు. అప్పుడు టైలరమ్మ తల తిప్పకుండానే, బయట నది వైపు చూస్తూ, "కొట్టు," అంది.

అంతే మాట. దిగేటప్పుడు కూడా ఇంకేమీ అనలేదు. ఆ తర్వాత ఇవతలి ఒడ్డుకి రాలేదు.

బెల్లక్క బఠాణీల పళ్ళెం పక్కన పెట్టి, తొక్కలు కొంగులోంచి దులుపుకుంది. గొంతు డిపోలో అరిచే గొంతైంది.

"చూడు నాయనా, మళ్ళీ నన్ను అదే వంతెన మీద నిలబెట్టినా మళ్ళీ డబలే కొడతాను. నా చేత తప్పయిందని అనిపించి రాసుకుందామని వస్తే అది కుదరదు. వీడు ఇక్కడ కూర్చుని నన్ను సాధిస్తున్నాడు చూశావా, దానికోసమే కొట్టాను. బతికుంటేగా సాధించేది."

తమ్ముడు లేచి టీ గిన్నె పొయ్యి మీద పెట్టాడు.

"కాని ఇప్పటిదాకా నువ్వు విన్నది బస్సు లోపల నిలబడ్డ మనిషి మాట. కింద నిలబడ్డావిడ ఇంకా ఉంది. ఆసుపత్రి వెనక సందులో, కింది వాటా. కుట్టు మిషను చప్పుడు వీధిలోకి వినిపిస్తుంది. రేపు పొద్దున సర్వీసుకి వెళ్ళు, గొట్టం దగ్గర ఎక్కువసేపు ఆపరు. నేను పంపానని చెప్పకు, తలుపేస్తుంది. ఊరికే కూర్చుని విను. ఎంత తిట్టినా విను, నా తరఫున ఒక్క ముక్క మాట్లాడకు. విన్నాక రాసేటప్పుడు ఆవిడది ముందు వెయ్యి, నాది తర్వాత. ఆ ఒక్క పని చేసిపెట్టు నాయనా, ఇక లే. టీ తాగి బయల్దేరు."